ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు

2013 వేసవిలో బాస్టన్ బ్రూయిన్స్ ఐస్ హాకీ క్లబ్ పెద్దలు ఒక గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. తేల్చాల్సింది ఒకటే. టైలర్ సేగిన్‌ని ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

క్లబ్ మీద తీస్తున్న టీవీ సిరీస్ కోసం కెమెరాను గదిలోకి రానిచ్చారు. అందుకే అక్కడి మాటలు బయటికొచ్చాయి. మామూలుగా ఇలాంటి గదుల్లో మాట గోడ దాటదు. కుర్రాడికి ఫోన్ వస్తుంది, పెట్టె సర్దుకుంటాడు, అంతే.

సేగిన్‌కి అప్పుడు 21 ఏళ్లు. 2010 డ్రాఫ్ట్‌లో రెండో పేరు అతనిదే. డ్రాఫ్ట్ అంటే ఎన్‌హెచ్‌ఎల్ అనే ఈ హాకీ లీగ్ క్లబ్బులు ఏడాదికోసారి వరసలో నిలబడి కుర్రాళ్లను ఎంచుకునే రోజు. ముందటి సీజన్లో బాగా దెబ్బతిన్న వాళ్లకు వరసలో ముందు చోటు. బాస్టన్ అంతగా దెబ్బతినలేదు. ఆ రెండో చోటు టొరంటో నుంచి వచ్చింది. 2009 సెప్టెంబర్‌లో ఫిల్ కెసెల్‌ని టొరంటోకి ఇచ్చి, బదులుగా పుచ్చుకున్న వాటిలో అదొకటి. కెసెల్ కూడా ఫార్వర్డే. ఆ ముందు సీజన్లో 36 గోల్స్ కొట్టాడు. జీతం దగ్గర మాట కుదరలేదు. ఇచ్చేసినప్పుడు అతనికీ 21 ఏళ్లే.

సేగిన్ మొదటి ఏడాదే కప్పు చూశాడు. 2011 ప్లేఆఫ్స్ మొదటి రెండు రౌండ్లలో అతన్ని మంచు మీదకే దించలేదు. మూడో రౌండ్లో పాట్రిస్ బెర్జెరాన్ గాయపడితే ఆ ఖాళీలో దించారు. టాంపాతో రెండో మ్యాచ్‌లో ఒక్క పీరియడ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు, మరో రెండు కొట్టించాడు. వయసు 19. ఆ జూన్‌లో బాస్టన్ వాంకూవర్‌ని వాళ్ల ఊళ్లోనే 4-0తో ఓడించి, 39 ఏళ్ల తర్వాత స్టాన్లీ కప్ ఎత్తుకుంది. మరుసటి సీజన్లో సేగిన్ 29 గోల్స్ కొట్టాడు. జట్టులో అంతకు మించి కొట్టినవాడు లేడు.

వంక పెట్టడానికి కూడా కొన్ని ఉన్నాయి. విన్నిపెగ్‌లో ఒక ఉదయం నిద్ర లేవక జట్టు సమావేశానికి రాలేదు. ఆ రాత్రి మ్యాచ్ ఆడనివ్వలేదు. 2013లో కార్మిక వివాదం వల్ల సీజన్ 48 మ్యాచ్‌లకు కుదించుకుపోయింది. అందులో 16 గోల్స్. ఆ తర్వాత ప్లేఆఫ్స్‌లో 22 మ్యాచ్‌లు ఆడి కొట్టింది ఒకే ఒక్క గోల్. ఫైనల్ ఆరో మ్యాచ్ బాస్టన్ సొంత రింక్‌లో. 76 సెకన్లు మిగిలుండగా కూడా బాస్టన్‌దే ఆధిక్యం. 17 సెకన్ల తేడాతో చికాగో రెండు గోల్స్ కొట్టి కప్పు పట్టుకుపోయింది.

ఆ నొప్పి ఆరకముందే గదిలో చర్చ మొదలైంది.

ఆటలో అతను స్టార్ అని అందరూ ఒప్పుకున్నారు. చిక్కు అక్కడ లేదు. బాస్టన్ ఆట వేరు. ఎదుటివాణ్ని ఒంటితో గుద్ది, రింక్ గోడకు అదిమి, పక్ లాక్కునే ఆట. కుర్రాడు అక్కడ ఒళ్లు దాచుకుంటున్నాడని ఒకరు. మన పద్ధతికి ఇముడుతున్నాడా అని ఇంకొకరు. జనరల్ మేనేజర్ పీటర్ షరెల్లీ అప్పటికే విలేకరులతో బాహాటంగా చెప్పేశాడు, సేగిన్ ఆట మీద మనసు పెట్టి వృత్తి ఆటగాడిలా నడుచుకోవాలని. డబ్బు లెక్క కూడా ఉంది. ఏడాది క్రితం కుదిరిన ఒప్పందం ప్రకారం సేగిన్‌కి ఆరేళ్లకు 3.45 కోట్ల డాలర్లు ఇవ్వాలి. అది ఆ ఏడే మొదలు కావాలి. లీగ్ చూస్తే జట్టు జీతాల గరిష్ఠ పరిమితిని 6.43 కోట్లకు తగ్గించింది.

బేరం తేల్చేది జనరల్ మేనేజర్. ఆయన జవాబు చెప్పుకోవాల్సింది క్లబ్ అధ్యక్షుడికి.

జులై 4న బేరం కుదిరింది. సేగిన్‌తో పాటు రిచ్ పెవర్లీ, రయన్ బటన్ డల్లస్‌కి వెళ్లారు. లూయీ ఎరిక్‌సన్, రీలీ స్మిత్, జో మారో, మాట్ ఫ్రేజర్ బాస్టన్‌కి వచ్చారు. ఒక్క కుర్రాడి చుట్టూ ఏడుగురు ఊళ్లు మారారు.

21 ఏళ్ల ఫార్వర్డ్‌ని తూచడం తేలిక కాదు. ఈ నెల గోలీ ప్యాడ్‌కి తగిలి బయటికి పోయిన షాటే వచ్చే నెల లోపలికి పోతుంది. పక్కన ఎవరు ఆడుతున్నారు, ఎన్ని నిమిషాలు మంచు మీద ఉంచుతున్నారు అన్నది చూడకుండా గోల్స్ లెక్క చెప్పడం సగం లెక్క. సేగిన్ పుట్టు సెంటర్. మధ్యలో పక్ తీసుకుని ఆట నడిపించేవాడు. బాస్టన్‌లో ఆ చోట్లు బెర్జెరాన్‌వి, డేవిడ్ క్రేచీవి. ఇద్దరూ లీగ్‌లోనే మేటి సెంటర్లు, కదిలించేందుకు వీల్లేదు. అందుకని కుర్రాణ్ని కుడి అంచున వింగ్‌లో నిలబెట్టారు. అంచున నిలబడినవాడికి పక్ ఇంకొకరు ఇవ్వాలి. ఆ 22 మ్యాచ్‌ల ఒక్క గోల్ వెనక ఇది కూడా ఉంది.

డల్లస్‌లో జనరల్ మేనేజర్ జిమ్ నిల్ ఉద్యోగంలో చేరి కొన్ని నెలలే అయింది. అక్కడ సేగిన్‌ని సెంటర్‌లో పెట్టారు, పక్కన జేమీ బెన్‌ని ఇచ్చారు. మొదటి సీజన్లో సేగిన్ 37 గోల్స్ కొట్టాడు, 47 కొట్టించాడు. మొత్తం 84 పాయింట్లతో లీగ్‌లో నాలుగోవాడు. అదే సీజన్లో ఎరిక్‌సన్‌కి రెండుసార్లు తలకు దెబ్బ తగిలింది. 10 గోల్స్ దగ్గర ఆగాడు. ఎరిక్‌సన్ మంచి ఆటగాడే. మూడో ఏడాది 30 గోల్స్ కొట్టాడు. ఒప్పందం ముగియగానే 2016లో వాంకూవర్‌కి వెళ్లిపోయాడు. బాస్టన్‌కి బదులుగా ఏమీ రాలేదు. ఫ్రేజర్ 2014లో, స్మిత్ 2015లో, మారో 2017లో వెళ్లారు. సేగిన్ కోసం వచ్చిన నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. సేగిన్ మాత్రం 2018లో డల్లస్‌తో మరో ఎనిమిదేళ్లకు సంతకం చేశాడు.

బాస్టన్ తరఫున సేగిన్ చివరగా ఆడింది ఆ ఫైనల్ ఆరో మ్యాచే. టీడీ గార్డెన్‌లో. ఆ రింక్ పైకప్పు నుంచి తెల్ల గుడ్డల మీద నంబర్లు వేలాడుతుంటాయి. క్లబ్‌కి పేరు తెచ్చిన వాళ్ల నంబర్లు. ఇక వాటిని ఎవరికీ ఇవ్వరు. 4 బాబీ ఓర్‌ది. 7 ఫిల్ ఎస్పొజిటోది. 77 రే బోర్క్‌ది. వీటి మధ్య ఒక 8 ఉంది.

8 కామ్ నీలీది. అతను బాస్టన్ ఎంచుకున్నవాడు కాదు. 1983 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పేరుగా వాంకూవర్ ఎంచుకుంది. వాంకూవర్ దగ్గర్లోని మేపుల్ రిడ్జ్‌లో పెరిగినవాడు, సొంత కుర్రాడు. ఆడేది కుడి వింగ్. అక్కడ అప్పటికే స్టాన్ స్మిల్, టోనీ టాంటీ ఉన్నారు. వాళ్లు ఆడగా మిగిలిన నిమిషాలు అతనివి. మూడు సీజన్లలో 201 మ్యాచ్‌లు, 51 గోల్స్. రెండో సీజన్లో 21 గోల్స్ కొట్టినవాడు మూడో సీజన్లో 14 దగ్గర ఆగాడు. వెనక్కి వచ్చి గోల్ కాయడం రాదని కోచ్‌కి అసంతృప్తి.

వాంకూవర్‌కి ఒక సెంటర్ కావాలి. బాస్టన్‌లో బ్యారీ పెడర్సన్ ఉన్నాడు. వరసగా రెండు సీజన్లలో వందకు పైగా పాయింట్లు సాధించినవాడు. ఆ తర్వాత భుజంలో కణితి తీయించుకున్నాడు, కండ కొంత పోయింది. పేరు మాత్రం పోలేదు. వాంకూవర్ అతన్ని తీసుకుంది. బదులుగా నీలీని ఇచ్చింది, 1987 డ్రాఫ్ట్‌లో తన మొదటి రౌండ్ చోటు కూడా ఇచ్చింది. ఆ చోటుతో బాస్టన్ గ్లెన్ వెస్లీని తెచ్చుకుంది. వెస్లీ ఏడేళ్లు బాస్టన్ డిఫెన్స్‌లో ఆడాడు.

బేరం జరిగిన తేదీ 1986 జూన్ 6. నీలీ పుట్టింది 1965 జూన్ 6న. పుట్టినరోజునే ఇచ్చేశారు. సరిగ్గా 21 ఏళ్లు నిండాయి.

బాస్టన్ అతన్ని మొదటి లైన్లో దించింది. తొలి సీజన్లోనే 36 గోల్స్. ఆ తర్వాత ఒక ఏడు 55, మరుసటి ఏడు 51. తొడ, మోకాలు దెబ్బతిన్నాక కూడా 1993-94లో 50 గోల్స్. 50వ గోల్ కొట్టేసరికి ఆ సీజన్లో అతను ఆడినవి 44 మ్యాచ్‌లే. బాస్టన్ తరఫున మొత్తం 344 గోల్స్. తుంటి నొప్పి ఆడనివ్వక 1996లో ఆట మానేశాడు. 2004 జనవరిలో 8వ నంబర్‌ని పైకప్పుకి ఎక్కించారు. 2005లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఇచ్చారు.

2010 జూన్‌లో క్లబ్ అధ్యక్షుణ్ని చేశారు. సేగిన్‌ని ఇచ్చేసిన రోజున కూడా ఆ కుర్చీ కామ్ నీలీదే.