ఏసీ ప్యానెల్ ఆరిపోయినప్పుడు వినకూడని మాటలు

మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దాటి కోదాడ వైపు పోతుంటే కారులో ఏసీ ప్యానెల్ లైట్లతో సహా ఆరిపోయిందనుకోండి. హైదరాబాద్-విజయవాడ హైవే మీద బండి ఆపిన ప్రతి చోటా ఒక సలహా దొరుకుతుంది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెప్తారు. ఆ సలహాల్లో ఎక్కువ భాగం తప్పు, కొన్ని బండిని తగలబెట్టేవి. అందుకే ఏం చేయాలన్నదానికంటే ఏం వినకూడదో ముందు చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువగా వినపడేది, "అన్నా, గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టిద్దాం" అనే మాట. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది, చల్లగా రాదు, అంతే. ప్యానెల్ లైటు ఆరిపోవడానికీ, బ్లోయర్ తిరగకపోవడానికీ గ్యాస్‌తో సంబంధం లేదు. అది కరెంటు జబ్బు. చీకటైన ప్యానెల్‌కి గ్యాస్ కొట్టిస్తే డబ్బు పోతుంది. పైగా ఉన్న గ్యాస్ సరిపోయినంత ఉంటే అదనంగా ఎక్కించింది పీడనం పెంచి కంప్రెసర్‌ని ఇబ్బంది పెడుతుంది. కాబట్టి ఏది ఆగిందో ముందు చూడండి. ప్యానెల్ వెలుగుతూ గాలి మాత్రం రాకపోతే బ్లోయర్ ఫ్యూజు, రిలే, మోటారు అనుమానితులు. చివరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే చాలా బండ్లలో రెసిస్టర్ కాలినట్టే. అంతా చీకటైతే ప్యానెల్‌కి వచ్చే ఫ్యూజు, తాళం తిప్పే ఇగ్నిషన్ స్విచ్, ఎర్తు చూడాలి.

రెండో సలహా అన్నిటికంటే ప్రమాదకరం. "పది పోతే ముప్పై ఎయ్యి, మళ్ల పోదు." ఈ మాట ఎంత మామూలుగా అంటారో తలుచుకుంటే భయమేస్తుంది. ఫ్యూజు ఉన్నది ప్యానెల్‌ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. ఎర్ర ఫ్యూజు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పది ఆంపియర్లకి తగ్గట్టు వేసిన సన్నటి వైరు మీద ఆకుపచ్చ ఫ్యూజు పెడితే, ఇక షార్టయినప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరు. అది కాలేది డ్యాష్‌బోర్డు వెనక, ప్లాస్టిక్కూ స్పాంజీ మధ్య, మీ చెయ్యి అందని చోట. సిగరెట్ ప్యాకెట్ లోపలి రేకు చుట్టినా, రాగి పోగు దూర్చినా ఇదే కథ. పోయిన నంబరుదే కొత్తది ఒక్కసారి పెట్టండి. అది కూడా వెంటనే పోతే ఎక్కడో షార్టుంది, లేదా మోటారు పట్టేసింది. ఇక ఆ ఫ్యూజు పెట్టకుండానే, కిటికీలు దించుకుని ఊరు చేరండి.

మన దగ్గర ఈ జబ్బులకి మన కారణాలున్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద కోతలయ్యాక పొలాల్లో తిండి తగ్గిన ఎలుకలు ఇళ్ల దగ్గరికి వస్తాయి, ఆపి ఉంచిన బండ్లలో దూరి వైర్లు కొరుకుతాయి. మిర్యాలగూడలో అయితే రైస్ మిల్లుల దుమ్ము, ఊక. క్యాబిన్ ఫిల్టర్ ఆ ఊకతో బిగుసుకుంటే గాలి తగ్గుతుంది. రెసిస్టర్‌ని చల్లబరిచేది ఆ గాలే కాబట్టి అది వేడెక్కి కాలుతుంది. దానికి అక్కడ చెప్పే మందు, "ఫిల్టర్ తీసి పారెయ్, గాలి మస్తుగొస్తది." నిజమే, ఆ రోజు వస్తుంది. తర్వాత ఆ ఊక బ్లోయర్ చక్రంలోకి, కూలింగ్ కాయిల్ మీదికి చేరుతుంది. మోటారు బరువుగా తిరిగి ఎక్కువ కరెంటు లాగుతుంది, కనెక్టర్ కరుగుతుంది. మిల్లుల మధ్య తిరిగే బండికి ఫిల్టర్‌ని కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి.

"బ్యాటరీ టెర్మినల్ ఒకసారి తీసి పెట్టు" అనేది కొన్నిసార్లు పనిచేస్తుంది, అదే దాని ప్రమాదం. చాలాసార్లు అక్కడ జరిగింది వదులుగా ఉన్న కనెక్షన్ కదిలి తాత్కాలికంగా అతుక్కోవడం. మర్నాడు గతుకులో మళ్లీ ఆరిపోతుంది. తుప్పు గోకి, ఎర్తు బోల్టు బిగించండి. ఇక్కడ మీటరు కూడా మోసం చేస్తుంది. లోడు లేనప్పుడు తుప్పు పట్టిన పిన్ను దగ్గర కూడా నిండు 12 వోల్టులు చూపిస్తుంది. చిన్న బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంప్ పెడితే ఆ పిన్ను నిజస్వరూపం తెలుస్తుంది. పసుపు తొడుగున్న వైర్ల దగ్గర మాత్రం ల్యాంపూ వద్దు, మీటరూ వద్దు. అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

బ్యాటరీ నుంచి బ్లోయర్‌కి "డైరెక్ట్ ఇచ్చేద్దాం" అంటే ఒప్పుకోకండి. ఫుల్ స్పీడులో బ్లోయర్ లాగేది 15, 20 ఆంపియర్లు. మధ్యలో ఫ్యూజు లేని వైరు చీలి బాడీకి తగిలితే ఆపేవాళ్లుండరు. కంప్రెసర్‌కి డైరెక్ట్ ఇస్తే ఇంకా అన్యాయం, పీడనం పెరిగినప్పుడు దాన్ని ఆపే స్విచ్‌ని పక్కన పెట్టినట్టే.

లారీలది వేరే సంగతి, మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నదీ ఇక్కడే. పెద్ద లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. క్యాబిన్ ఫ్యాన్ ఆగిపోగానే కారు ఫ్యాన్ తెచ్చి ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగుతారు. ఆ బ్యాటరీ రోజూ సగం ఛార్జితో ఉంటుంది, రెండోదానికి అవసరానికి మించి ఛార్జి ఎక్కుతుంది. కొద్ది రోజుల్లో రెండూ చెడతాయి. 12 వోల్టులు కావాలంటే కన్వర్టర్ పెట్టండి. కారు రిలే, కారు టెస్ట్ బల్బు లారీకి పెట్టకండి.

2025 అక్టోబర్ 1న, ఆ తర్వాత తయారైన, మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి అయింది. హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు ఎత్తుకుని, మిర్యాలగూడ నుంచి బియ్యం ఎత్తుకుని ఎండలో గంటల తరబడి నడిపే మనిషికి ఆ చల్లటి గాలి సోకు కాదు. వానలో, జనవరి మంచులో అద్దం మీది ఆవిరిని పోగొట్టేది కూడా ఆ బ్లోయరే. లారీ ఓనర్లకు మనవి: ప్యానెల్ ఆరిపోయిందని డ్రైవర్ చెప్పిన రోజే బండిని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. కరెంటు ఎక్కడ ఆగిందో ల్యాంపు పెట్టి చూపించమని అడగండి. అది చూపించకుండా కొత్త సామాను రాసిచ్చేవాడికి డబ్బు ఇవ్వకండి.