విప్పి కట్టే గది

ఈ కథ చెబుతున్నది ఒక గది. దానికి ‘నేను’ అనే మాట నప్పదు. ఒకచోట అరవై పలకలతో పొడుగ్గా నిలబడుతుంది, ఇంకోచోట ఇరవై నాలుగింటితో సరిపెట్టుకుంటుంది. పోయినసారి గోడగా ఉన్న పలక ఈసారి కప్పు అవుతుంది. వీటిలో ‘నేను’ ఏది? అందుకే తన గురించి ‘ఈ గది’ అనే చెప్పుకుంటుంది.

మన ఊళ్లలో టెంట్‌హౌస్ వాళ్లు షామియానా తెచ్చి, గుంజలు పాతి, పెళ్లి అయ్యాక విప్పి బండికెక్కించుకుపోతారు కదా, ఈ గది బతుకూ అలాంటిదే. కాకపోతే షామియానా తన కింద ఉన్నవాళ్లను ఎండ నుంచి కాపాడుతుంది. ఈ గది తన లోపల ఉన్నదాని నుంచి బయటివాళ్లను కాపాడుతుంది.

పలకలన్నీ నున్నటి స్టెయిన్‌లెస్ స్టీలు. ధూళి దాక్కోవడానికి సందు దొరకకూడదు కాబట్టి ఆ నునుపు. పలకకూ పలకకూ నడుమ రబ్బరు పట్టీ ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు దాటాలి, మొదటిది మూశాకే రెండోది తెరవాలి. అయితే గది ప్రాణం గోడల్లో లేదు, ఫ్యానులో ఉంది. అది లోపలి గాలిని ఆగకుండా లాగి హెపా ఫిల్టర్ల గుండా బయటికి పంపుతుంది. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆ ఫిల్టర్లలోనే చిక్కుకుంటాయి. ఇలా లాగుతూ ఉండడం వల్ల లోపలి పీడనం బయటికంటే కాస్త తక్కువగా ఉంటుంది. రేపెప్పుడో గోడకు చిన్న చిల్లు పడ్డా బయటి గాలి లోపలికి వస్తుందే తప్ప లోపలి ధూళి బయటికి పోదు.

ఇంత జాగ్రత్త దేనికంటే, ప్లుటోనియం లాంటి వాటి తీరు అలాంటిది. అది వెదజల్లే ఆల్ఫా కణాలను ఒక కాగితం ఆపేస్తుంది, ఒంటి మీది చర్మం ఆపేస్తుంది. అదే ధూళిగా మారి ఊపిరితో లోపలికి పోతే మాత్రం ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో, కాలేయంలో ఏళ్లతరబడి తిష్ఠ వేస్తుంది. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే 24,100 ఏళ్లు పడుతుంది.

ఈ గదికి పెద్దలు గ్లవ్ బాక్సులు. కిటికీ ఉన్న పెట్టె, దాని గోడకు బిగించిన పొడుగాటి రబ్బరు చేతితొడుగులు. మనిషి బయట నిలబడి వాటిలో చేతులు దూర్చి లోపలి పని చేస్తాడు. అమెరికాలో డెన్వర్ నగరానికి దగ్గర్లోని రాకీ ఫ్లాట్స్‌లో 1950ల నుంచి 1989 దాకా అణుబాంబులకు ప్లుటోనియం గుండెలు తయారైంది ఇలాంటి పెట్టెల వరసల్లోనే. 1957 సెప్టెంబరు 11న అక్కడ ఒక పెట్టెలో ప్లుటోనియం తనంతట తానే అంటుకుంది. సన్నటి ముక్కలుగా ఉంటే గాలి తగిలి రాజుకోవడం దాని గుణం. ప్లాస్టిక్ కిటికీ కాలింది, చేతితొడుగులు కాలాయి, చివరికి ఫిల్టర్లూ కాలాయి. పన్నెండేళ్లకు, 1969 మే 11న, మరో భవనంలో అదే కథ మళ్లీ జరిగింది. రేడియేషన్ ఆపడానికి పెట్టెల చుట్టూ బిగించిన అడ్డుపలకలే ఆ మంటకు కట్టెలయ్యాయి. కాపాడడానికి పెట్టినదే కాలడం కంటే ఘోరం ఉండదు. ఈ గది ఉక్కుతో పుట్టడం వెనక అలాంటి పెద్దల బూడిద ఉంది.

మరో పెద్ద కథ ఒక మనిషిది. వాషింగ్టన్ రాష్ట్రంలోని హ్యాన్‌ఫర్డ్‌లో 1976 ఆగస్టు 30న హెరాల్డ్ మెక్‌క్లస్కీ అనే 64 ఏళ్ల కార్మికుడు గ్లవ్ బాక్సు ముందు నిలబడ్డాడు. లోపల అమెరీషియం అనే రేడియోధార్మిక లోహాన్ని వేరుచేసే గొట్టం ఉంది. సమ్మె కారణంగా నెలల తరబడి అందులోని రెజిన్ అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆమ్లం పోయగానే పేలింది. గాజు, ఆమ్లం, అమెరీషియం కలిసి ఆయన ముఖం మీద పడ్డాయి. ఆయన ఒంట్లోకి చేరినది, ఒక కార్మికుడికి అనుమతించే మోతాదుకు దాదాపు 500 రెట్లు. నెలల తరబడి ఒంటరిగా ఉంచి, ఒంట్లోని లోహాన్ని మూత్రంలోకి లాగే డీటీపీఏ మందు ఎక్కించారు. ఆయన ఇంకో పదకొండేళ్లు బతికి, 1987లో గుండె జబ్బుతో పోయాడు. ఇంటికి వచ్చాక ఆయన దగ్గరికి రావడానికి జంకినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఈ గదికి దుఃఖం కలుగుతుంది. పెట్టె ఒక్కటే సరిపోదని, పెట్టె చుట్టూ ఇంకో గోడ కావాలని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ రెండో గోడే ఈ గది. పాత కర్మాగారాలను కూల్చే రోజులు వచ్చాక దీని అవసరం పెరిగింది. ఒక్క రాకీ ఫ్లాట్స్‌లోనే వెయ్యికి పైగా గ్లవ్ బాక్సులను ఖాళీ చేసి, కడిగి, అవసరమైన చోట కోసి తరలించాల్సి వచ్చింది. ఆ పని 2005లో ముగిసింది. రంపం పెట్టి కోస్తే దశాబ్దాల ధూళి లేస్తుంది. దాన్ని కమ్మి ఉంచడానికి చాలాచోట్ల ప్లాస్టిక్ గుడారాలు వేసేవాళ్లు. పని అయ్యాక ఆ గుడారమే కొత్త చెత్త, దాన్నీ పీపాల్లో కుక్కాలి. చెత్త తీయడానికి చెత్త పుట్టించడం ఈ గదికి మొదటి నుంచీ నచ్చదు. ఉక్కు పలకనైతే తుడిచి, మీటరు పెట్టి చూసి, శుభ్రమైతే ఇంకో ఊరికి పంపవచ్చు.

కప్పు లేకుండా కూల్చితే ఏమవుతుందో చూడాలంటే మళ్లీ హ్యాన్‌ఫర్డ్‌కే వెళ్లాలి. 2017లో అక్కడి ప్లుటోనియం భవనాన్ని నీళ్లు చల్లుతూ, ధూళిని అంటిపెట్టే ద్రవాలు పూస్తూ ఆరుబయటే కూల్చారు. గాలికి ధూళి కొట్టుకుపోయింది. పదుల మంది కార్మికుల ఒంట్లో దాని ఆనవాళ్లు దొరికాయి, పని ఆపేయాల్సి వచ్చింది. అంత పెద్ద కట్టడాన్ని గదిలో పెట్టడం సులువు కాదు, ఈ గదికీ తెలుసు. అయినా ఆ ఊపిరితిత్తుల ముందు ఖర్చు మాట నోటికి రాదు.

గాలిని లోపలికి లాగి ధూళిని ఆపే ఈ కిటుకు వేరే రూపాల్లో మన దగ్గరా ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ఫ్యాక్టరీల్లో క్యాన్సర్ మందుల పొడిని ఐసోలేటర్లలో, చేతితొడుగుల గుండా తూస్తారు. రోగికి ప్రాణం పోసే పొడి, రోజూ పీల్చితే తూచేవాడికి విషం. అక్కడా గాలి లోపలికే లాగాలి.

ఈ గది సొంత అనుభవం ఒకటి. అమెరికాలో ఓ పాత ప్లుటోనియం భవనంలో దీన్ని నిలబెట్టిన మర్నాడు, పని మొదలయ్యే ముందు, ఒక టెక్నీషియన్ చిన్న పొగ గొట్టం పట్టుకుని బయటివైపు అతుకుల వెంట నడిచింది. లోపలికి లాగే గాలి ఉంటే పొగ అతుకు వైపు వంగాలి. పదిహేడో పలక దగ్గర వంగలేదు, అక్కడే తచ్చాడింది. అప్పటికే వారం ఆలస్యమైందని పైవాళ్ల ఒత్తిడి. ఆమె సంతకం పెట్టలేదు. చూస్తే గాలి గొట్టం ఒకటి సగం మూసుకుపోయి ఉంది. ఆ రోజు పని జరగలేదు, ఎవరి ఊపిరిలోకీ ఏమీ పోలేదు.

మూడు నెలలకు అక్కడి పని అయిపోయింది. గోడల మీద ముందే పూసిన రంగును పొరలా ఒలిచారు, పలకలను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి మీటరు పెట్టారు. పదిహేడో పలక మీద రంపపు గీత పడింది. ఎన్నిసార్లు తుడిచినా ఆ గీత దగ్గర మీటరు టిక్కుటిక్కుమంది. దాన్ని కోసి పీపాలో వేశారు. న్యూమెక్సికోలో కార్ల్స్‌బాడ్ దగ్గర, భూమికి 655 మీటర్ల లోతున ఉప్పు పొరల్లో తొలిచిన గనికి అది వెళ్తుంది. 1999 నుంచి ఇలాంటి చెత్త అక్కడికే చేరుతోంది. ఉప్పు నెమ్మదిగా జరిగి దాన్ని కప్పేస్తుంది.

మిగిలిన పలకలు లారీ ఎక్కాయి. కొత్తచోట పదిహేడో స్థానంలో ఇంకా గీత పడని పలక వచ్చి కూర్చుంది. ఫ్యాను తిరగడం మొదలైంది. పొగ గొట్టం పట్టుకున్న చెయ్యి ఆ అతుకు దగ్గర కాసేపు ఆగింది. పొగ లోపలికి వంగింది.