అమరావతికే రాయండి

మా అన్న చూపుడువేలి గోరు చివరి ఐదారేళ్లూ పసుపుకొమ్ము రంగులోనే ఉండేది. బెంగళూరు కిద్వాయి ఆస్పత్రిలో ఆ వేలు పట్టుకుని పదకొండు రోజులు కూర్చున్నాను. పన్నెండో రోజు పట్టుకోవడానికి వేలు లేదు. రిటైరయ్యాక నేను నెత్తికెత్తుకున్న పని అందుకే: సిగరెట్లను పూర్తిగా నిషేధించమని ఒక అర్జీ, దానికింద వీలైనన్ని సంతకాలు.

మే 31, పొగాకు వ్యతిరేక దినం. హిందూపురంలో ధర్మవరం పోయే ప్యాసింజర్ ఎక్కాను. సంతకాలకు రైలును మించిన చోటు లేదు. కదులుతున్న బండిలోంచి ఎవరూ దిగి పారిపోలేరు.

కిటికీ పక్కన చింతపండు మండీ వ్యాపారి. నా చేతిలో కాగితాలు చూసి, "పాలసీనా సార్?" అన్నాడు. కాదని విషయం చెప్పాను. గట్టిగా నవ్వాడు.

"దేశంలో అన్నిటికంటే పెద్ద సిగరెట్ కంపెనీలో ఎల్ఐసీకి వాటా ఉంది. తెలుసునా? ఇట్ల షేర్లూ గవర్నమెంట్ సంస్థవే, అట్ల పన్నూ గవర్నమెంట్‌కే. తన కూట్లో తానే మన్ను పోసుకుంటాదా?"

ఎదురు సీట్లో ధర్మవరం నేతన్న. బీడీకట్ట మీది క్యాన్సర్ బొమ్మను బొటనవేలితో మూసి ఒక బీడీ లాగి, రైలు కాబట్టి ముట్టించకుండా చెవిసందున పెట్టుకున్నాడు. "మధ్యాన్నం ఇది లేకపోతే మగ్గం గుంతలో నాకు కాలాడదు సార్. మీ కాగితంలో సిగరెట్టొకటేనా, బీడీ కూడా ఉండాదా?"

"రెండూ."

"అట్లయితే నన్నొదిలెయ్యండి."

కియాలో పనిచేసే కుర్రాడొకడు ఫోన్‌లోంచి తలెత్తాడు. "చట్టాలు లేకనా సార్? 2003లో చట్టమొచ్చె. 2008 అక్టోబర్ 2 నుంచి బయట తాగితే 200 దాకా జరిమానా. బడికి వంద గజాల్లో అమ్మకూడదు, పద్దెనిమిదేళ్లు నిండనోళ్లకు ఇయ్యకూడదు. నాకు మొదటి సిగరెట్టమ్మిన అంగడి మా హైస్కూల్ గోడకానుకోనే ఉండె. అప్పుడు నేను తొమ్మిదో తరగతి."

"అందుకే పూర్తిగా ఆపమంటున్నా" అన్నాను. "పుట్టీ పుట్టని ఈ-సిగరెట్‌ను 2019లో నిషేధించారు కదా. నూరేళ్లుగా జనాన్ని చంపుతున్నదాన్ని వదిలేసి, నిన్న పుట్టినదాని గొంతు పిసకడం ఏం న్యాయం?"

"భూటాన్‌లో 2004లోనే అమ్మకం బంద్ చేసిరి సార్. మన దేశం నుంచి దొంగసరుకు ఆగకుండా పోతాంటే, 2021లో వాళ్లే మళ్లీ అమ్ముకోండని వదిలేసిరి." కుర్రాడు చదువుకున్నవాడు. నాకు జవాబు తోచలేదు. కోట గుట్ట కనబడగానే వాడు బ్యాగు సర్దుకుని పెనుకొండలో దిగిపోయాడు. అప్పటికి నా కాగితం మీద ఉన్న సంతకం నాదొక్కటే.

అప్పటిదాకా మూలసీట్లో చెవులు రిక్కించి వింటున్న ముసలాయన లేచి నా పక్కకొచ్చాడు. డెబ్బై దాటుంటాయి. చలవ పంచె, చేతికి రెండు ఉంగరాలు. మనవరాలి పెళ్లి పట్టుచీరలకని ధర్మవరం పోతున్నాడట. "ఇయ్యండి సార్, నేను పెడతా" అన్నాడు. నా పెన్ను అక్కర్లేకుండా తన జేబులోంచే తీసి, సంతకం పెట్టేముందు పైనున్న చిరునామా కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇది ఢిల్లీకి కదా?"

"అవును. చట్టం కేంద్రానిది."

"వద్దు సార్. ఢిల్లీలో మన కాగితం ఎవురు చూస్తారు? గుట్కా బంద్ చేసింది మన రాష్ట్రం కాదా? మందు బంద్ చేసింది మన అన్నగారు కాదా? అమరావతికే రాయండి."

ఆ మాటకు నాకు ఒళ్లు పులకరించింది. ఎన్టీఆర్ అప్పట్లో మా హిందూపురం ఎమ్మెల్యేనే. 1994 డిసెంబర్‌లో ప్రమాణస్వీకారం చేసిన రోజే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టిన మనిషి. 'ఢిల్లీ' కొట్టేసి 'అమరావతి' అని రాశాను.

సంతకంతో ఆగలేదాయన. నా చేతిలోని కాగితాల కట్ట తీసుకుని, వేలు నాలుకకు అద్దుకుంటూ చకచకా లెక్కపెట్టి, "సగం నాకియ్యండి" అంటూ పెట్టెలోకి దూరిపోయాడు. చంకలో పిల్లనేసుకున్న తల్లిని చూస్తే పిల్ల ఊపిరి గురించి, కాలేజీ కుర్రాళ్లను చూస్తే వాళ్ల నాయన సంపాదన గురించి. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పిన నాకు రాని విద్య అది. మండీ వ్యాపారి కూడా, ఆయన పోరు పడలేక, గీకి పడేశాడు. నేతన్న దగ్గర మాత్రం వంగి, చెవిలో ఏదో గొణిగాడు. నేతన్న ఒకసారి ఆయన్ను ఎగాదిగా చూసి, పకపకా నవ్వి, సంతకం పెట్టేశాడు.

ధర్మవరం చేరేసరికి నలభై మూడు. ప్లాట్‌ఫాం మీద ఆయన చేతులు పట్టుకున్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ ఇంట్లో కూడా ఎవరైనా... సిగరెట్ వల్ల..?"

"దేవుని దయ. మా ఇంట్లో ఎవురికీ ఆ కంపు కూడా తెల్దు సార్."

"మరి ఇంత పట్టుదల?"

అటూ ఇటూ చూసి నన్ను స్తంభం పక్కకు లాగాడు.

"95 జనవరిలో అన్నగారు మందు బంద్ చేసె కదా. మన హిందూపురానికి గౌరిబిదనూరు ఎంత దూరం? గడప దాటితే కర్ణాటక. లూనా మీద రోజుకు రెండు ట్రిప్పులు తోల్తాంటి. ఇప్పుడు మేముండే మిద్దె అట్ల కట్టిందే. 97లో ఎత్తేసిన పొద్దు మా ఇంట్లో పొయ్యి ముట్టియ్యలేదు సార్, నమ్ముతారో లేదో. ఢిల్లీవాళ్లు బంద్ చేస్తే గౌరిబిదనూరులోనూ బందే, ఇంగ మాకేముంటాది? అందుకే అమరావతి అంటి. సీసాలైతే గతుకుల్లో పగుల్తాంటివి. సిగరెట్లకు ఆ బాధ కూడా లేదు."

నోట మాట రాలేదు. కాసేపటికి అడగాలనిపించింది ఒక్కటే. "ఆ నేతన్న చెవిలో ఏం చెప్పారు?"

"ఏముంది సార్. బంద్ అయినాక ఊరందరికీ ఏ రేటైనా, నీకు మాత్రం బీడీ కట్ట కొన్న రేటుకే ఇస్తాలే అంటి."