ఆ ఆప్షన్ లేదండీ!

2021 జులై 20, మంగళవారం రాజ్యసభలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన జవాబు చదివి దేశమంతా మండిపడింది. నేను మాత్రం లేచి నిలబడి దణ్ణం పెట్టాను. కోవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ అందక ఎందరు పోయారయ్యా అని అడిగితే, అలా పోయినట్టు ఏ రాష్ట్రమూ, ఏ కేంద్రపాలిత ప్రాంతమూ ప్రత్యేకంగా నివేదించలేదని రాసిచ్చారు. పచ్చి అబద్ధమని టీవీల్లో గొంతు చించుకున్నవాళ్లందరిదీ ఒకటే లోపం. వాళ్లకు ఎక్సెల్ రాదు. వచ్చి ఉంటే ఆ జవాబులో అబద్ధం వీసమెత్తు కూడా లేదని తెలిసేది. అందులో ఉన్న కిటుకును కంప్యూటర్ భాషలో డ్రాప్‌డౌన్ లిస్టు అంటారు.

అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకోవాల్సిన ఈ విద్యను, ప్రజాసేవలోకి రాదలచిన యువతీయువకుల కోసం ఈ వారం ఇక్కడ ఉచితంగా నేర్పుతున్నాం. మౌసు ఒకటి తెచ్చుకుంటే చాలు. మనస్సాక్షి తెచ్చుకున్నవాళ్లు దాన్ని బయట చెప్పుల దగ్గర వదిలి రావాలి.

ముందుగా కొత్త షీటు తెరవండి. పై వరసలో పేరు, వయసు, ఊరు, ఆసుపత్రి, తేదీ అని కొట్టుకోండి. చివరి కాలమ్‌కు 'మరణ కారణం' అని పెట్టండి. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. మీరు ఏమీ చేయకుండా వదిలేస్తే ఎక్సెల్ ఆ గడిలో 'ఎనీ వాల్యూ' అని పెట్టుకుంటుంది. అంటే ఎవరేం కొడితే అది పడుతుంది. ఖర్మకాలి నిజం కొట్టినా పడుతుంది. మైక్రోసాఫ్ట్ వాడికి మన సంగతులు తెలియక అలా బార్లా తెరిచి ఉంచాడు. మీరు ఆ కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని, పైన 'డేటా' ట్యాబులోకి వెళ్లి, 'డేటా వ్యాలిడేషన్' నొక్కి, 'అలౌ' అన్నచోట 'ఎనీ వాల్యూ' తీసేసి 'లిస్ట్' పెట్టండి. పని సగం అయిపోయినట్టే. ఇప్పటిదాకా చచ్చినవాడి తరఫువాళ్లు కారణం చెప్పేవారు. ఇకమీదట మీరు పెట్టిన కారణాల్లోంచి చచ్చినవాడే ఒకటి ఎంచుకోవాలి.

కింద 'సోర్స్' అని ఒక పెట్టె కనిపిస్తుంది. అందులో మీకు నచ్చిన చావులను కామాలు పెట్టుకుంటూ వరసగా కొట్టండి: కోవిడ్, గుండెపోటు, షుగర్, బీపీ, కిడ్నీ, వయోభారం. ఇలా నేరుగా కొడితే ఆ పెట్టెలో 255 అక్షరాలకు మించి పట్టవు. ఎంత దయగల పెట్టో చూడండి. రేపు ఎవరైనా 'ఆక్సిజన్ ఏదీ?' అని నిలదీస్తే చోటు చాల్లేదని చెప్పుకోవచ్చు. లిస్టును వేరే షీట్లో రాసి ఆ గడుల చిరునామా ఇస్తే ఈ పరిమితి ఉండదు. ఆ ముక్క పరీక్షలో రాయండి గానీ ప్రెస్‌మీట్‌లో చెప్పకండి.

లిస్టు చివర 'ఇతరములు' పెట్టాలని మీ చెయ్యి దురద పెడుతుంది. పొరపాటున కూడా పెట్టకండి. ఇవాళ 'ఇతరములు' అంటారు, రేపు 'వివరాలు రాయండి' అని పక్కన ఇంకో గడి అడుగుతారు. గడి ఇస్తే వివరాలు రాస్తారు. ఎన్ని గంటలకు సిలిండరు ఖాళీ అయిందో, ఎన్ని గంటలకు ట్యాంకరు వచ్చిందో రాస్తారు. ఈ మధ్యలో ఎవరెవరికి ఫోన్ చేశారో, ఎవరెవరు ఎత్తలేదో కూడా రాస్తారు. ప్రభుత్వాలు పడిపోయేది అవిశ్వాస తీర్మానాలతో అనుకుంటారు గానీ, ఇలాంటి ఖాళీ గడులతో.

వరస కూడా ముఖ్యమే. బాణం గుర్తు నొక్కితే ఎక్సెల్ ఒక్కసారికి ఎనిమిది పేర్లే చూపిస్తుంది. తొమ్మిదోది కావాలంటే కిందికి జరపాలి. కోర్టు వాళ్లు మరీ పట్టుబట్టి ఆక్సిజన్ అనే మాట చేర్చమంటే చేర్చండి, పద్నాలుగో స్థానంలో.

ఇప్పుడు 'ఎర్రర్ అలర్ట్'. ఇందులో మూడు రకాలున్నాయి. 'ఇన్ఫర్మేషన్' పెడితే అది మర్యాదగా దగ్గి ఊరుకుంటుంది, కొట్టినది పడిపోతుంది. 'వార్నింగ్' పెడితే 'నిజంగానే ఉంచమంటావా?' అని అడుగుతుంది. మొండిఘటం అవునంటే దారి ఇచ్చేస్తుంది. కనుక పాలకుడైనవాడు 'స్టాప్' మాత్రమే పెట్టుకోవాలి. అది పెట్టాక ఏం జరుగుతుందో చూడండి.

ఒక జిల్లా కార్యాలయంలో రాత్రి రెండింటికి కూర్చున్న డేటా ఎంట్రీ కుర్రాణ్ని ఊహించుకోండి. కాంట్రాక్టు ఉద్యోగం. ముందర కాగితాల కట్ట. పై కాగితం మీద ఎవరో డ్యూటీ డాక్టరు గొలుసుకట్టు రాతలో 'ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి' అని రాశారు. కొత్తవాడు పాపం, ఉన్నది ఉన్నట్టు కొట్టి ఎంటర్ నొక్కుతాడు. టంగుమని చప్పుడు. తెర మధ్యలో చిన్న పెట్టె, అందులో ఎర్రటి గుండ్రంలో తెల్లటి ఇంటూ గుర్తు. 'రీట్రై' నొక్కితే మళ్లీ అదే గడి, మళ్లీ అదే మాట కొడితే మళ్లీ అదే టంగు. 'క్యాన్సిల్' నొక్కితే రాసిందంతా మాయం. ఇంకో నిమిషం ఆ తెరను చూస్తాడు. తర్వాత గడి పక్కన బాణం నొక్కి, లిస్టులో మొదటిది ఎంచుకుని, రెండో కాగితం తీస్తాడు. తెల్లారేసరికి కట్ట మొత్తం శుభ్రంగా ఎక్కేస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ ఎవరినీ చెప్పమనలేదు.

ఆ టంగు పెట్టెలో కంపెనీవాడు ఏదో పొడిపొడి వాక్యం పెట్టి ఉంటాడు. దాన్ని తీసేసి మీ సొంత వాక్యం పెట్టుకోవచ్చు. నా సలహా ఇది: "ఆరోగ్యం రాష్ట్రాల అంశం. దయచేసి మీ రాష్ట్రాన్ని సంప్రదించగలరు." రాజ్యసభ జవాబులోనూ సరిగ్గా ఈ ముక్కే ముందు కనిపించేసరికి, ఇది రాసినవాళ్లకు ఎర్రర్ అలర్ట్ కొట్టినపిండి అని నాకు తెలిసిపోయింది.

ఇక పైతరగతి పాఠం. ఒక లిస్టులో ఎంచుకున్నదాన్ని బట్టి పక్క లిస్టు మారిపోయే ఏర్పాటు ఉంది. 'ఇన్‌డైరెక్ట్' అనే ఫార్ములాతో చేస్తారు. మొదటి గడిలో 'ఎవరి ఖాతా?' అని పెట్టండి. అక్కడ 'కేంద్రం' ఎంచుకుంటే పక్క గడిలో ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు, వైమానిక దళ విమానాలు, సమాన పంపిణీ, టీకా సర్టిఫికెట్ మీద ఫొటో వస్తాయి. 'రాష్ట్రం' ఎంచుకుంటే కొరత, దొరకని బెడ్లు, శ్మశానాల ముందు క్యూలు వస్తాయి. ఆ జవాబులోనే చూడండి. మొదటి వేవ్‌లో 3,095 టన్నులున్న ఆక్సిజన్ గిరాకీ రెండో వేవ్‌లో దాదాపు 9,000 టన్నులకు ఎగబాకిందట. అందుకని రాష్ట్రాలకు సమంగా పంచడానికి కేంద్రమే పూనుకోవాల్సి వచ్చిందట. పంచింది ఢిల్లీ. అందకపోతే చచ్చేది రాష్ట్రాల జాబితాలో. టన్నుల కాలమ్‌కు డ్రాప్‌డౌన్ పెట్టలేదు గనుక అంకెలు ధారాళంగా పడ్డాయి. మనుషుల కాలమ్‌కే పెట్టారు.

రాష్ట్రాలేమైనా తక్కువ తిన్నాయా? రకరకాల పార్టీలు, రకరకాల జెండాలు. ఢిల్లీని తిట్టని పూట అన్నం సహించని ముఖ్యమంత్రులున్నారు. షీటు పంపేటప్పుడు మాత్రం అందరూ ఒకే లిస్టులోంచి ఎంచుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు. జాతీయ సమైక్యత అంటే ఏమిటో పాఠ్యపుస్తకాల్లో చదివి అర్థం కానివాళ్లు ఈ షీటు తెరిచి చూడాలి.

'ఇగ్నోర్ బ్లాంక్' అని ఒక చిన్న టిక్కు కూడా ఉంది. తీయకండి. గడి ఖాళీగా వదిలినా ఎక్సెల్ అడ్డు చెప్పదు. కారణం దొరకనివాళ్లకు ఖాళీయే కారణం.

అన్నిటికన్నా గొప్ప పాఠం ఆఖరిది. షీటు అడుగున ఒక గడిలో 'కౌంట్‌ఇఫ్' ఫార్ములా పెట్టండి. మరణ కారణం కాలమ్‌లో 'ఆక్సిజన్ అందక' అని ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమనండి. లిస్టులో లేని మాట కాలమ్‌లోకి రాదు. రాని మాటను ఎక్సెల్ లెక్కపెట్టదు. కన్నుమూసి తెరిచేలోగా సున్నా ఇస్తుంది. నిఖార్సైన సున్నా. ఏ ఆడిటరైనా రావచ్చు, ఏ కోర్టైనా చూడవచ్చు. దాన్ని తీసుకెళ్లి సభలో చదవండి. లిస్టు రాసుకున్న షీటును మాత్రం 'హైడ్' చేసి పాస్‌వర్డ్ పెట్టండి. జనానికి సున్నా కనిపించాలి గానీ సోర్స్ కనిపించకూడదు.

అయితే ఈ విద్యలో ఒక లొసుగు ఉంది. అది చెప్పకుండా దాటేస్తే గురుద్రోహం. డేటా వ్యాలిడేషన్ కొత్తగా కొట్టేవాటినే ఆపుతుంది. నిబంధన పెట్టకముందే గడిలో పడి ఉన్నదాని జోలికి పోదు. అది అలాగే ఉంటుంది. పైగా ఆ మెనూలోనే 'సర్కిల్ ఇన్‌వ్యాలిడ్ డేటా' అని ఒకటుంది. నొక్కితే లిస్టులో ఇమడని ప్రతి గడి చుట్టూ ఎర్రగీత గీసి చూపిస్తుంది.

నొక్కండి.

మే 10, తిరుపతి, రుయా ఆసుపత్రి. ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయిందని, సుమారు అయిదు నిమిషాలు తేడా వచ్చిందని చెప్పింది ఎవరో దారినపోయే దానయ్య కాదు, జిల్లా కలెక్టరు. పదకొండు మంది పోయారని చెప్పింది ప్రభుత్వమే. ఒక్కో కుటుంబానికి పది లక్షలు ప్రకటించింది సాక్షాత్తూ ముఖ్యమంత్రి. పరిహారం రాసినప్పుడు కారణం కనిపించింది. మరణం రాసినప్పుడు ఎలా మాయమైంది? మే 1, ఢిల్లీ, బాత్రా ఆసుపత్రి. పన్నెండు మంది. అందులో ఆ ఆసుపత్రిలోనే పనిచేసే డాక్టరు ఒకరు. ఆక్సిజన్ అయిపోయిందని ఆ రోజు చెప్పింది హైకోర్టు ముందు, వాట్సాప్‌లో కాదు. చామరాజనగర్, నాసిక్, గోవా... ఇంకెన్ని ఎర్రగీతలు కావాలి?

'మరణ ధ్రువపత్రంలో జబ్బు పేరే రాయాలి, ఊపిరి ఆగిందని మూలకారణంగా రాయకూడదు' అంటారు. నిజమే. వైద్య మార్గదర్శకాల్లో ఆ మాటుంది, అందులో అర్థమూ ఉంది. ఎలా పోయినవాడికైనా చివరికి ఆగేది ఊపిరే గనుక, అదే రాస్తే ఏ జబ్బూ తేలదు. ఆ నియమం జబ్బును తెలుసుకోవడానికి పెట్టారు. పైపులో గాలి ఆగిన సంగతి దాచుకోవడానికి పెట్టలేదు. డాక్టరు జబ్బు రాస్తాడు. గాలి ఎందుకు ఆగిందో రాయాల్సింది ప్రభుత్వం. ఆ కాగితం ఏదీ?

భార్యకు సిలిండరు కోసం నగలు అమ్మినవాడున్నాడు. ఆటోలో తల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరిగిన కూతురుంది. నోటితో ఊపిరూది బతికించుకోవాలని చూసిన వాళ్లను దేశం ఫొటోల్లో చూసింది. మీ వాళ్లు కోవిడ్‌తోనే పోయారు, మిగతాదంతా మీ భ్రమ అని వాళ్లకు చెప్పారు. వాళ్లకు దక్కాల్సింది ఓదార్పో ఎక్స్‌గ్రేషియానో అనుకుంటే పొరపాటు. ఫలానా పూట, ఫలానా చోట, ఫలానావాళ్లు చేయాల్సిన పని చేయక ఈ మనిషి చనిపోయాడని ప్రభుత్వ కాగితం మీద ఒక్క వాక్యం దక్కాలి. ఆ వాక్యం ఉంటేనే తర్వాతి వేవ్‌కు ట్యాంకు కడతారు. లేకపోతే సున్నా చావులకు ట్యాంకు దేనికని రేపు ఆర్థికశాఖే ఫైలు తిప్పి పంపిస్తుంది.

ఏ రాష్ట్రమూ చెప్పలేదన్నారు. సభలో ఆ జవాబు ఇచ్చేముందు మీరు అడిగారా? ఒక్క కాలమ్ కలిపి, ఆక్సిజన్ అందక ఎందరు పోయారో వారంలోగా రాసి పంపమని ఒక్క ఉత్తరం రాశారా? కలెక్టర్లున్నారు, ఆసుపత్రుల్లో ఆక్సిజన్ రిజిస్టర్లున్నాయి, ట్యాంకరు బయల్దేరిన టైమూ చేరిన టైమూ ఉన్నాయి, ఇంటింటా సాక్షులున్నారు. అడగడానికి నోరు రానివాళ్లకు, జవాబు రాలేదని నిండు సభలో చెప్పే హక్కు లేదు.