మా ఇంటి గ్రూపులో నేను నాలుగో సభ్యుణ్ణి

రైస్ మిల్లులో లెక్కలు రాసే మనిషికి సొంతింటి లెక్క రాదంటే వేరే ఊళ్లో నవ్వుతారేమో. మా తణుకులో ఎవరూ నవ్వరు. "ఆయ్, మా ఇంట్లోనూ ఇదే వరసండి" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. పగలంతా చిట్టాకీ ఆవర్జాకీ మధ్య జమలూ ఖర్చులూ తిప్పి, సాయంత్రానికి నిలవ పైసాతో సహా తేల్చి, షావుకారు చేత శభాష్ అనిపించుకుని స్కూటరెక్కుతాను. నరేంద్ర సెంటరు వచ్చేసరికి ఆ విద్యంతా ఎగిరిపోతుంది. తెలిసిన మొహాలు నాలుగు కనబడ్డాయంటే టీ డబ్బులు నేనే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. ఇస్తే మా ఆవిడకి పట్టదు.

అప్పులెలా అయ్యాయని అడుగుతారు కదా. పేకాట లేదు, మందు లేదు, పండక్కి కోడిపందేల బరి దగ్గరికెళ్లినా చూసి రావడమే. "ఏదో ఒక అలవాటుండి తగలేసినా బాగుండేది, చెప్పుకోడానికి కారణమైనా ఉండేది" అంటుంది మా ఆవిడ. నాకున్నదల్లా మర్యాద. గోదావరి జిల్లాల్లో అంతకు మించిన వ్యసనం లేదు. మీ ఇంటి సంగతి నాకు తెలియదనుకోకండి.

2022 సంక్రాంతికి నరసాపురంలో ఓ కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిందని పేపర్లన్నీ రాశాయి, గుర్తుందా? ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచీ నాకు స్థిమితం లేదు. మరుసటేడు పండక్కి మా చెల్లెలూ బావగారూ వస్తున్నారు. 365 మన వల్ల కాదు, కనీసం అరిటాకు కనబడకుండానైనా వడ్డించాలనుకున్నాను. పూతరేకులకి ఆత్రేయపురం, మడతకాజాకి తాపేశ్వరం మనుషుల్ని పరుగెత్తించాను. బావగారు విస్తరి ముందు కూర్చుని, అటూ ఇటూ చూసి, "బావా, నాకు షుగరొచ్చిందని మీ చెల్లెలు చెప్పలేదా?" అని, ఇంత పెరుగన్నం కలుపుకుని లేచారు. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు ఆంధ్రా షుగర్స్ పెట్టిన దగ్గర్నుంచీ పంచదారతో బాగుపడ్డ ఊరు మాది. అదే ఊళ్లో తీపి వల్ల అప్పులపాలైంది బహుశా నేనొక్కణ్ణే.

ఇలాంటివే మరికొన్ని. మేడమీద గది స్లాబు దాకా లేచి ఆగింది. చీటీ ముందే పాడేసుకున్నాను. మా ఆవిడ హారం బ్యాంకులోకి వెళ్లింది. ఇవన్నీ ఆవిడకి తెలిసినవే. తెలియనివి వేరే ఉన్నాయి.

ఓ ఆదివారం పొద్దున్నే నాకు అప్పిచ్చినాయన వచ్చాడు. మంచి మనిషి, నూటికి రెండు రూపాయలే తీసుకుంటాడు. "ఆయ్, డబ్బుకేం తొందరండి, మీరెక్కడికి పోతారు! ఓ వెయ్యి ఇచ్చి నోటు వెనకాల జమేసి సంతకం పెట్టండి, చాలు" అన్నాడు. నా మీద అంత నమ్మకం ఉంచినందుకు పొంగిపోయి రెండువేలిచ్చాను. ఆయన తెచ్చిన పెన్నుతోనే, ఒత్తులూ దీర్ఘాలూ వంకర పోకుండా జమ రాసి, కింద సంతకం పెట్టి ఓ గీత కూడా లాగాను. తలెత్తి చూస్తే కాఫీ గ్లాసులతో మా ఆవిడ గుమ్మంలో ఉంది.

ఆయన వెళ్లేదాకా ఆగి, "ఆ నోటు రాసి ఎన్నేళ్లయింది?" అంది.

"వచ్చే నెలకి మూడు."

"అందుకే వచ్చాడు. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఈలోగా ఎంతో కొంత కట్టి సంతకం పెడితే, పెట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు."

1963 నాటి కాలపరిమితి చట్టంలోని ముక్క అది. మిల్లులో పదిమందికి నేనే చెబుతుంటాను. "ఎగ్గొట్టమని కాదు నేననేది" అంది. "ఎవరి బాకీ వాళ్లకి ఇవ్వాల్సిందే. మీరు దేనికి సంతకం పెట్టారో మీకు తెలియాలి కదా అని." ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ ఆ నోటు సంగతి నాకెప్పుడు చెప్పారు?" అంది. కాఫీ అప్పటికే చల్లారింది.

"ఇంకేమైనా ఉన్నాయా?" అంటే లేవన్నాను. మా అమ్మాయి కాగితం, పెన్ను తెచ్చి కూర్చుంది. "ఉంటే ఓ చిన్న చేబదులు" అన్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకోటి గుర్తొచ్చింది. రాత్రి పక్క వేసుకున్నాక క్రెడిట్ కార్డు సంగతి చెప్పాను. దాని మీద నెలనెలా "కనీస మొత్తం" కడుతూ, బ్యాంకువాళ్లకి నా మీద ఎంత దయ అని ఇన్నాళ్లూ అనుకున్నాను. మిగిలిన దాని మీద నూటికి మూడు, మూడున్నర దాకా పడుతుందనీ, ఏడాదికి నలభై దాటుతుందనీ అమ్మాయి చీకట్లో ఫోను వెలుగులో చదివి వినిపించింది. కామర్స్ డిగ్రీ నాది. అది చదువుతున్నది బోటనీ.

ఆ కార్డు తరఫున ఫోను చేసే కుర్రాడు మటుకు అచ్చం నక్షత్రకుడే. విశ్వామిత్రుడి బాకీ కోసం హరిశ్చంద్రుడి వెంట కాశీ దాకా నడిచాడు చూడండి, ఆయన. చిన్నప్పుడు డి.వి. సుబ్బారావు గారి కాటి సీను కోసం తెల్లవార్లూ పందిట్లో కూర్చున్నవాణ్ణి కనుక, "హరిశ్చంద్రుడంతటివాడికే తప్పలేదు" అన్నాను ధీమాగా. "ఆయన ఆలిని అమ్మాడు. మిమ్మల్ని అమ్ముదామన్నా కొనేవాడుండొద్దూ?" అంది మా ఆవిడ.

మా ఆవిడ డ్వాక్రా గ్రూపులో ఉంది. 1982లో వచ్చిన ఆ పథకాన్ని 1999లోనే ఇంకో పథకంలో కలిపేశారు. పట్టణాల్లో గ్రూపుల్ని 2007 నుంచి మెప్మా చూసుకుంటోంది. మా వీధిలో ఇవేవీ ఎక్కలేదు, ఇప్పటికీ డ్వాక్రాయే. నేను వాళ్ల మీటింగుల మీద చాలా జోకులేసేవాణ్ణి. 2004లో పావలా వడ్డీ వచ్చినప్పుడు కూడా వేశాను. వాయిదా తప్పకుండా కట్టిన గ్రూపులకి పావలా మీద పడే వడ్డీ ప్రభుత్వమే భరించేది. నూటికి నెలకి పావలా అంటే ఏడాదికి మూడు. నేను రెండు రూపాయలకి తెచ్చేవాణ్ణి, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఆడమనిషికి మూడు, మగాడికి ఇరవై నాలుగు. జోకు ఎవరి మీదో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

గ్రూపులకి పంచసూత్రాలని ఉంటాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులిచ్చుకోవడం, వేళకి తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. మరుసటి ఆదివారం ఆవిడ వాటిని మా ఇంట్లో అమల్లో పెట్టింది. మినిట్స్ పుస్తకం వచ్చింది. మొదటి లీడరు మా ఆవిడ. రెండో లీడరు అమ్మాయి. ఇంటర్ చదువుతున్న మా వాడు బుక్ కీపరు.

"మరి నేను?"

"సభ్యుడు."

"ముప్పయ్యేళ్లుగా లెక్కలు రాస్తున్నవాణ్ణే!"

"చూశాం" అంది మొదటి లీడరు.

తొలి తీర్మానం దగ్గరే గొడవ. ఏ అప్పు ముందు తీర్చాలి? ముందు హారం విడిపిద్దామని నేను పట్టుబట్టాను. ఆడదాని మెడలో నగ లేకపోతే ఏం బాగుంటుంది అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అమ్మాయి వడ్డీలు పక్కపక్కన రాసి పుస్తకం తిప్పింది. ముందు కార్డు, తర్వాత నోటు, ఆఖర్న బంగారం. బంగారం మీద వడ్డీయే అన్నిటికన్నా తక్కువ. "మీ బెంగ నా మెడ గురించి కాదులెండి, అత్తిలిలో జరగబోయే పెళ్లిలో మీవాళ్ల కళ్ల గురించి" అంది మా ఆవిడ. తన నగని తనే వరసలో చివరికి నెట్టి సంతకం పెట్టేసింది. నాకు మాట రాలేదు. మా వాడు దాన్ని "ఏకగ్రీవం" అని రాసుకున్నాడు.

అత్తిలి పెళ్లికి చిలకలపూడి హారం తెప్పించాం. బందరు పక్కన చిలకలపూడి రోల్డుగోల్డు మీకు తెలిసిందే. ఉక్కకి చెమటపట్టి నల్లబడుతుందని, ముందురోజు రాత్రి అమ్మాయి కొక్కేలకీ, మెడకి తగిలే అంచులకీ రంగులేని గోళ్ల పాలిషు అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టింది. పెళ్లిలో నేను మా ఆవిడకి నాలుగు గజాల దూరంలో గుండె చేత్తో పట్టుకుని తిరిగాను. మా పిన్నిగారు ఆ హారాన్ని వేళ్లతో ఎత్తి మరీ చూసి, "కొత్తదా అమ్మాయ్?" అంది. "అవునండి అత్తయ్యగారూ, మొన్ననే ఆయన కొన్నారు" అంది మా ఆవిడ. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆరొందలు పెట్టి కొన్నది నేనే. పిన్నిగారు నన్ను చూసిన చూపుకి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. దాన్ని తగ్గించే పని మా ఆవిడ ఆ రోజుకి మానుకుంది.

నోటు తీర్చడానికి మా ఆవిడ తన డ్వాక్రా గ్రూపులో అప్పుకి పెట్టింది. అక్కడే నా పరువు పూర్తయింది. గ్రూపులో ఏదీ రహస్యం కాదు, ఎందుకు కావాలో అందరి ముందూ చెప్పాలి. చెప్పింది. ఒకళ్లు వాయిదా తప్పితే మొత్తం గ్రూపు మీద పడుతుంది కాబట్టి, మర్నాటి నుంచీ నా ఖర్చుకి వీధంతా కాపలా. కుళాయి దగ్గర "అన్నయ్యగారూ, ఇవాళ టీ తాగారా?" అని పలకరింపులు. నరేంద్ర సెంటర్లో ఓ సభ్యురాలి భర్తకి టీ ఇప్పించబోతే, ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వద్దండి బాబూ, మా ఆవిడ నన్ను చంపేస్తది" అన్నాడు. నా జీవితంలో మొదటిసారి ఎవరో నాకు టీ ఇప్పించారు. ఏమాటకామాటే చెప్పాలి, రుచి వేరేగా ఉంది.

ఒకరికొకరు పూచీ ఉండే ఈ జామీను పద్ధతికి రెండో మొహం కూడా ఉంది. వారం వారం వసూలు చేసే మైక్రోఫైనాన్సు కంపెనీలు ఇదే పద్ధతిని పట్టుకుని, కట్టలేని ఇల్లాలి గుమ్మం ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టిన రోజులున్నాయి. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెస్తే గానీ ఆ దూకుడు తగ్గలేదు. ఆ సంగతులు ఎరిగినది కనుకే మా ఆవిడ ఇంటి పుస్తకంలో ఓ తీర్మానం ప్రత్యేకంగా రాయించింది. బాకీ గురించి ఏ సభ్యుణ్ణీ నలుగురిలో మాట అనకూడదు. "మీటింగులో అనొచ్చా?" అని అడిగాడు మా వాడు. అనొచ్చట.

వాడు చాలా అన్నాడు. నెలాఖరు లెక్కలో "ఇతర ఖర్చులు" అని నేను రాసిన పద్దు మీద వేలు పెట్టి, "ఇవి ఇతర ఖర్చులా, ఇతరుల ఖర్చులా నాన్నా?" అన్నాడు. మిల్లులో ఏ ఆడిటరూ నన్ను అంత సూటిగా అడగలేదు. అలాగని వాడు మాటలతోనే సరిపెట్టలేదు, కాలేజీ టూరు తనంతట తనే మానుకున్నాడు. అమ్మాయి సాయంత్రాలు పిల్లలకి ప్రైవేటు చెప్పి ఆ డబ్బు తెచ్చి పుస్తకం మీద పెట్టేది. నా వంతు త్యాగం నేనూ చేశాను. టీ మానేశానని ప్రకటించి, మిల్లులో షావుకారు టీ తాగేవాణ్ణి.

వానాకాలం గోదావరికి ఎర్రనీరు తగిలేసరికి నాకు మళ్లీ పూనకం వచ్చింది. "పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు" అని మీటింగులో ప్రతిపాదించాను.

"పుస్తెలెవరివి?" అంది మొదటి లీడరు.

ప్రతిపాదన వీగిపోయింది. తర్వాతి ఆదివారం మాత్రం మట్టిదాకలో పులుసు ఉడుకుతున్న వాసన వీధి చివరికే తగిలింది. బెండకాయలు, పచ్చిమిరపకాయలు, పైన ఆవకాయ నూనె తేట. నేను కళ్లు మూసుకుని తిన్నాను. ఆ మెత్తదనం, ఆ కొవ్వు, ధవళేశ్వరం దాకా ఎదురీదిన చేపకి గానీ రాదని పిల్లలకి వివరించాను. యానాం పులసకీ మన పులసకీ తేడా కూడా చెప్పాను. ముగ్గురూ బుద్ధిగా విన్నారు. మర్నాడు మిల్లులోనూ, సెంటర్లోనూ చెప్పుకున్నాను. నెలాఖరున పుస్తకంలో ఆ తారీఖుకెదురుగా మా వాడి గుండ్రటి దస్తూరీలో "శీలావతి, చెరువుది, కేజీ" అని ఉంది.

కార్డు పోయింది. నోటు కూడా పోయింది. ఆయన నవ్వుతూ చేతికిచ్చాడు, నేను చించబోతే మా ఆవిడ లాక్కుని బీరువాలో పెట్టింది, ఎందుకో అడగలేదు. హారం మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉంది, కొంచెమే మిగిలింది. మొన్న ఆదివారం మీటింగులో నేను లేచి, మిల్లులో ఒకాయన రిటైరవుతున్నాడనీ, అందరికీ టిఫిను నేనే పెట్టిస్తానని మాటిచ్చేశాననీ, ఐదొందలు అప్పు కావాలనీ విన్నవించుకున్నాను. లీడర్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇవ్వొచ్చు, కానీ సభ్యుడి పాత చరిత్ర దృష్ట్యా జామీను ఉండాలన్నారు.

"నేనుంటాను" అన్నాడు మా వాడు. ఆనందంతో వాడి భుజం తట్టాను. వాడు పుస్తకంలోంచి తలెత్తకుండా, "నూటికి రెండు నాన్నా" అన్నాడు.