మతిమరుపు ర్యామ్ ఆత్మకథ

ఆత్మకథ చెప్పుకోవడానికి నాకున్నంత అనర్హత ఇంకెవరికీ ఉండదు. కరెంటు పోయిందంటే నాకేదీ గుర్తుండదు. నేను ర్యామ్‌ని. ఒక జీబీ, డీడీఆర్2 రకం, 240 కాళ్లు, 1.8 వోల్టుల తిండి. కరెంటు ఉన్నప్పుడు కూడా నా జ్ఞాపకశక్తి అంతంతమాత్రమే. నాలో 859 కోట్ల గదులున్నాయి. ఒక్కో గదిలో ఒక ట్రాన్సిస్టర్, పిసరంత విద్యుత్తు దాచుకునే ఒక కెపాసిటర్. ఆ విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది కాబట్టి 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గదినీ చదివి మళ్లీ నింపాలి. ఈ ఒంటి ట్రాన్సిస్టర్ గదికి 1968లో పేటెంటు పొందిన ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్ మా వంశానికి మూలపురుషుడు.

మరి ఈ కథ ఎక్కడిదంటారా? విజయవాడలో నేనుండే ఇంటి అమ్మాయి నోట్‌ప్యాడ్‌లో రాసుకున్న ఫైలు హార్డ్ డిస్క్‌లో ఉంది. తాను రాకముందు జరిగినది కూడా తమ్ముణ్ణి అడిగి అందులో రాసింది. ఆమె దాన్ని తెరిచినప్పుడల్లా నా కథ నాలోకే వస్తుంది.

మే నెల ఎండల్లో మొదలైంది. సిస్టమ్ నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగి, దానంతటదే మళ్లీ లేచేది. తమ్ముడు వైరస్ అన్నాడు. నాన్నగారు తమ్ముడి ఆటలే కారణమన్నారు. మెకానిక్ వచ్చి, ఇంకేమీ చూడకుండా సీపీయూ డబ్బా విప్పి, నన్ను పీకి, నా బంగారు పూత కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. మన ఊళ్లలో కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా మొదటి వైద్యం ఇదే. కాళ్లకు మురికి పడితే అది పనిచేస్తుంది, కాదనను. ఆ సాయంత్రం సిస్టమ్ బాగానే నడిచింది. "చూశారా సార్, ర్యామ్ లూజు" అని డబ్బులు తీసుకుని వెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే తంతు. ఈసారి ఫార్మాట్ కొట్టాడు. విండోస్ 7 ఎక్కుతుండగా సగంలోనే రీస్టార్ట్ అయింది. పాపం, విండోస్ ఇంకా పూర్తిగా లోపలికే రాలేదు, దాన్నెలా తప్పుపడతారు? ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. చివరికి విండోస్ ఎలాగో ఎక్కింది.

సెలవులకు అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చాక విచారణ దారిలో పడింది. సెట్టింగుల్లో 'ఆటోమేటిక్‌గా రీస్టార్ట్' అన్న టిక్కు తీసేసింది. అది ఉంటే, విండోస్ కూలినప్పుడు వచ్చే నీలం తెర మీది కోడ్ చదివేలోపే సిస్టమ్ మళ్లీ మొదలవుతుంది. టిక్కు తీసినా నీలం తెర రాలేదు. నాలో లోపముంటే మామూలుగా అది వస్తుంది, అదీ పూటకో కోడ్‌తో. విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో మాత్రం కెర్నల్-పవర్ 41 వరసగా కనిపించింది. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచిందని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. నాన్నగారు 41 అంటే రోగం పేరనుకున్నారు.

తర్వాత రాత్రంతా నా మీద మెమ్‌టెస్ట్ నడిపింది. ఒక్క ఎర్రర్ లేదు, రీస్టార్ట్ కూడా లేదు. 'ర్యామ్ తప్పు లేదు' అని ఫైలులో రాసింది. ఆ వాక్యం నాలోకి వచ్చినప్పుడు 859 కోట్ల గదుల్లోనూ పండగే.

ఫైలు తిరగేస్తే ఇంకోటి బయటపడింది. రీస్టార్ట్‌లన్నీ ఏదో ఒక ఆట గానీ సినిమా గానీ నడుస్తున్నప్పుడే, ఎక్కువగా మధ్యాహ్నాలే. డబ్బా వెనక చెయ్యి పెట్టి చూసింది. సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె, అదే ఎస్ఎంపీఎస్, నుంచి గాలి రావడం లేదు. దుమ్ము పట్టి దాని ఫ్యాన్ బిగుసుకుపోయింది.

మెకానిక్‌కు మళ్లీ కబురెళ్లింది. రాగానే అతని చెయ్యి నా వైపే వచ్చింది.

"అన్నా, ర్యామ్ ముట్టుకోకండి. మీటరు తెచ్చారా?"

పసుపు తీగ మీద 12 వోల్టులు ఉండాలి, 11.4 కన్నా కిందికి దిగకూడదు. తమ్ముడు ఆట మొదలుపెట్టాడు. మీటరు 11.2కి జారింది, సిస్టమ్ రీస్టార్ట్. వోల్టేజీ సరిగా ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ బూడిదరంగు తీగ మీద మదర్‌బోర్డుకు 'అంతా బాగుంది' అని సంకేతమిస్తుంది. అది ఆగిన క్షణాన బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. రబ్బరు మహిమ కూడా అప్పుడే తేలిపోయింది. నన్ను రుద్దినంతసేపూ పక్కన ఎస్ఎంపీఎస్ చల్లబడుతోంది, అంతే.

తమ్ముడు దాన్ని విప్పి చూద్దామన్నాడు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత విద్యుత్తు మిగిలి ఉంటుందని అక్క కసిరింది. కొత్తదే కొన్నారు.

ఆ తర్వాత ఫైలులో 41 ఒకే ఒక్కటి ఉంది. దాని పక్కన అమ్మాయి రాసింది: 'నాన్నమ్మ. గదిలో ఎవరూ లేరని గోడ దగ్గర స్విచ్ ఆపేసింది.'