ఖాళీ డిస్కు పద్యం: టీకా, తాత్పర్యం

ఆ.వె.
పాత సీడి లేక భారమౌ నప్‌గ్రేడు
ఖాళి డిస్కు ముందు గదల దడుగు
తాత పేరు చెప్పి తలుపు తీయించుకో
మదనపల్లె మాట మరువ కయ్య

ప్రతిపదార్థం: పాత సీడి లేక = ఇదివరకటి విండోస్ అసలు సీడీ దగ్గర లేకపోతే; అప్‌గ్రేడు = పూర్తి వెర్షన్ కన్నా చవకని కొన్న పెట్టె; భారమౌను = గుదిబండ అవుతుంది; ఖాళి డిస్కు ముందు = కొత్త హార్డ్ డిస్కు ఎదుట; అడుగు కదలదు = సెటప్ నీలం తెర మీద నిలబడిపోతుంది; తాత పేరు చెప్పి = పూర్వపు వెర్షన్‌ను సాక్ష్యం చూపి; తలుపు తీయించుకో = ఇన్‌స్టాలేషన్ సాగించుకో; అయ్య = షాపుకొచ్చిన గిరాకీకి సంబోధన.

తాత్పర్యం: ఓ గిరాకీ! పాత సీడీ పారేయొద్దు.

వ్యాఖ్య: కవి ఎవరో తెలియకున్నా కాలం తేల్చవచ్చు. విండోస్ 98 నాడు పాత ఫ్లాపీలు కూడా సాక్ష్యానికి చెల్లేవి. కవి సీడీ మాటే ఎత్తాడు. ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న వచ్చింది. 2007 జనవరి 30న వచ్చిన విస్టా డీవీడీ మీద దిగింది. పద్యం ఈ రెంటి నడిమిది.

ఎక్స్‌పీ అప్‌గ్రేడు సీడీతో బూట్ చేస్తే, పాత విండోస్ కనబడలేదు, దాని సీడీ పెట్టమంటుంది. ట్రే లాగి 98దో 2000దో పెట్టి ఎంటర్ కొడితే డ్రైవు కాసేపు గుర్రుమని సరేనంటుంది. మళ్లీ ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. పాతదాంట్లోంచి ఒక్క ఫైలూ డిస్కులోకి రాదు. మొహం చూపించి రావడమే.

పూర్వపక్షం: హక్కు లైసెన్సులో ఉన్నప్పుడు సీడీ ఎందుకు? సమాధానం: సెటప్‌కు లైసెన్సు కాగితం చదవడం రాదు. సరే, ఒప్పుకుందాం. కానీ వంశం అడిగేది డబ్బు పెట్టి కొన్నవాణ్ణే. పైన మార్కరుతో కీ రాసిన కాపీ సీడీ ఎవర్నీ ఏమీ అడగదు, నేరుగా ఎక్కేస్తుంది. ఈ పక్షపాతానికి ఏ వ్యాఖ్యాతా సమర్థన చెప్పలేడు. పైగా బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని బిగించిన మిషన్‌కు అసలు సీడీ ఎక్కణ్ణుంచి వస్తుంది? వచ్చినా అది ఏ ఆటో వెనకో రిఫ్లెక్టరై వేలాడుతూ ఉంటుంది.

పాఠాంతరాలు: నాలుగో పాదాన్ని పుంగనూరు వాళ్లు ‘పుంగనూరు మాట మరువ కయ్య’ అని చదువుతారు. పు-కు మ-తో యతి కుదరదు. ‘బొంకు గాదు’ అని దిద్దితే కుదురుతుంది గానీ, బొంకేమోనన్న అనుమానం మనమే పుట్టించినట్టవుతుంది.

కుప్పం పాఠం గట్టిది. అక్కడ 2002లోనే హెచ్‌పీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ పెట్టింది. సోలార్ పలకతో నడిచే చిన్న ప్రింటరు భుజాన వేసుకుని ఆడవాళ్లు పల్లెల్లో ఫోటో తీసి అక్కడికక్కడే చేతికిచ్చారు. అలాంటి ఊరివాళ్లు మూడో పాదం మార్చారంటే కారణం ఉంటుంది:

తాత లేకపోతె తానె తాతౌనయ్య

ఇది విస్టా సంగతి. విస్టా పాత డిస్కు చూపిస్తే ఒప్పుకోదు. డ్రైవులో బతికున్న విండోస్ కావాలంటుంది. ఖాళీ డిస్కుకు అదెక్కడిది? కీ ఇవ్వకుండా విస్టానే ఒకసారి ఎక్కించి, అందులోంచే మళ్లీ సెటప్ నడిపి, అప్పుడు కీ కొడతారు. తన్ను తానే అప్‌గ్రేడ్ చేసుకుంటుంది. పని రెట్టింపు, గిరాకీకి టీ రెండుసార్లు. లైసెన్సు ప్రకారం పాత విండోస్ నిజంగా ఉండాల్సిందే సుమా. ఈ పాఠం సెటప్‌ను ఒప్పిస్తుందంతే.

2015 జులై 29న వచ్చిన విండోస్ 10 కూడా మొదట్లో ఇదే మంకుపట్టు పట్టి, ఆ నవంబరు అప్‌డేట్‌తో దిగివచ్చింది. ఖాళీ డిస్కయినా సరే, 7దో 8.1దో పాతిక అక్షరాల కీ కొడితే 2023 దాకా సరిపోయేది. మూల పద్యంలోని మూడో పాదం అక్షరాలా నిజమైంది. సీడీ ట్రే ఉన్న ల్యాప్‌టాపే కరువైన ఈ రోజుల్లో, మొదటి పాదాన్ని మాత్రం షాపులో చేరిన కుర్రాళ్లకు విడమరిచి చెప్పాల్సివస్తోంది.